ఆంబూరు దమ్ము నుంచి అమెరికా బన్ను దాకా

తమిళనాడు వేలూరు జిల్లాలోని కే.వి.కుప్పంలో సోమవారం మేకల సంత. తెల్లారకముందే చిన్న లారీలు, ఆటోలు, మోపెడ్లు వచ్చి ఆగుతాయి. గుడియాత్తం వైపు కొండపల్లెల నుంచి, కాట్పాడి వైపు నుంచి, సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లా నుంచి కూడా జీవాలు దిగుతాయి. కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. తర్వాత వెన్నుపూస మీద బొటనవేలితో నొక్కి కండ ఎంతుందో తెలుసుకుంటాడు. చివరికి పొట్ట కింద చెయ్యి వేసి ఒక్కసారి ఎత్తి దించుతాడు. అంతే, తూకం అయిపోయినట్టే. పోతు ఎన్ని కిలోలుందో, చర్మం, పేగులు పోను మాంసం ఎంత దిగుతుందో నోటితోనే చెప్పేస్తాడు. తమిళంలో మొదలైన బేరం తెలుగులోకి మారి ఉర్దూలో తెగడం ఇక్కడ మామూలు. బక్రీదు ముందు వారాల్లో, దీపావళి ముందు వారంలో సంతలో కాలు పెట్టడానికి చోటుండదు.

ఈ సంత నుంచి గుడియాత్తం మీదుగా వెళ్తే ఆంబూరు ఎంతో దూరం లేదు. అక్కడి బిర్యానీ దక్షిణాదిలోకెల్లా గొప్పదని పాలారు నది ఒడ్డున పుట్టినవాళ్ళందరూ అంటారు. వాణియంబాడి వాళ్ళు మాత్రం ఒప్పుకోరు, వాళ్ళదే గొప్పదంటారు. అమెరికాలోనూ ఇదే తగవు హాంబర్గర్ మీద నూరేళ్ళకు పైగా నడుస్తోంది. అన్నిటికన్నా మంచి బర్గర్ ఎక్కడ, మొట్టమొదట చేసింది ఎవరు అని అడిగితే ఊరికొక జవాబు వస్తుంది. ఈ రెండు తగవులనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఒకటే. సరుకు దొరికేచోట, రహదారి పక్కన, కష్టం చేసి ఆకలేసినవాళ్ళు ఉన్నచోటే గొప్ప తిండి కుదురుకుంది. కింద చెప్పే వింతలన్నీ అందుకు సాక్ష్యాలుగానే ఏరుకున్నాను.

కిలో బియ్యానికి కిలో మాంసం

ఆంబూరు బిర్యానీకి ప్రాణం జీరక సాంబ బియ్యం. గింజ పొట్టిగా, సన్నగా, జీలకర్ర ఆకారంలో ఉంటుంది. చిట్టిముత్యాలతో పలావు తిన్నవాళ్ళకు ఈ జాతి బియ్యం కొత్త కాదు. బాస్మతిలాగా పొడవు సాగి పళ్ళెంలో అందంగా కనబడదు గాని మసాలాను లోపలికంటా పీల్చుకుంటుంది, చల్లారినా గట్టిపడదు. రెండోది ఎండుమిరప. పొడి వెయ్యరు. కాయల్ని నానబెట్టి ముద్దగా నూరి, అల్లం వెల్లుల్లితో పాటు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. అందుకే ఆ ఎర్రటి రంగు, నాలుక మీద నిలిచే ఆ కారం. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు చాలు. కుంకుమపువ్వు, గులాబీ నీళ్ళు, జీడిపప్పు ఇక్కడ ఎవరూ అడగరు.

పాత వంటవాళ్ళ లెక్క కిలో బియ్యానికి కిలో మాంసం. మాంసం పెరుగు, ఉల్లి, టమాటాలతో మసాలాలో ముందే ఉడికిపోతుంది. బియ్యం వేరే గిన్నెలో ముప్పాతిక వంతు ఉడకగానే గంజి వార్చి, ఆ మాంసం మీదికి తోడి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి దమ్ముకు వదులుతారు. హైదరాబాదు కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసమే అడుగున ఉంటుంది, బియ్యంతో పాటే దమ్ములో ఉడకాలి. పని కష్టం, గురి తప్పితే అడుగు మాడుతుంది లేదా ముక్క ఉడకదు. ఆంబూరు పద్ధతిలో ఆ భయం లేదు. మధ్యాహ్నం మొదటి డేగిశా, అంటే పెద్ద వంట గిన్నె, ఎలా వస్తుందో సాయంత్రం ఆఖరిదీ అలాగే వస్తుంది. హోటలు నడిపేవాడికి ఇంతకంటే కావలసిందేముంది?

మూత తీసేటప్పుడు దగ్గర నిలబడి చూడాలి. ముందు మూత మీది నిప్పుల్ని ఇనప చేటతో పక్కకు లాగుతారు. మూత ఎత్తగానే ఆవిరి ఒక్కసారిగా పైకి లేచి వంటవాడి మొహం కనబడకుండా పోతుంది. అతను గరిటె ముట్టుకోడు. చేతిలో పళ్ళెం ఉంటుంది. దాని అంచును గిన్నె గోడ పక్కనుంచి అడుగుదాకా దించి, ఒక పక్క నుంచి మాత్రమే తవ్వుకుంటూ వస్తాడు. కలిపితే మెతుకు విరుగుతుందని. ఆ పళ్ళెంలో పైన తెల్లగా ఉన్న అన్నం, మధ్యలో నారింజ రంగుది, అడుగున ఎర్రగా నూనె పట్టినది మూడూ వరసగా కనబడతాయి. నన్నడిగితే ఆంబూరులో తినవలసిన సమయం మధ్యాహ్నం మొదటి డేగిశా దించిన అరగంట లోపల.

అన్నిటికన్నా పాతది

ఆంబూరులో స్టార్ బిర్యానీ వాళ్ళ బోర్డు మీద 1890 నుంచి అని ఉంటుంది. ఆర్కాటు నవాబుల వంటశాలల నుంచి ఈ వంట ఇటు వచ్చిందని ఇక్కడ అందరూ చెప్పేమాట. దానికి తోడు మూడు తేదీలు గుర్తు చేసుకుంటే కథకు బలం వస్తుంది. కర్ణాటక నవాబులని కూడా పిలిచే వీళ్ళ రాజ్యాధికారం 1801లోనే ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది. 1855లో నవాబు గులాం ఘౌస్ ఖాన్ వారసుడు లేకుండా చనిపోతే బిరుదు కూడా రద్దయింది. ఆ మరుసటి ఏడు, 1856 జూలై 1న, దక్షిణ భారతంలో మొదటి రైలు మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు పక్కనున్న వాలాజా రోడ్డుకు నడిచింది. దర్బారు మూతపడిన ఏడాదికే రైలు వచ్చి నిలబడింది. నవాబుల పోషణ పోయాక వంటవాళ్ళు కొత్త పోషకుల్ని వెతుక్కున్నారనీ, వాళ్ళకు దొరికింది తోళ్ళ వ్యాపారులూ ప్రయాణికులేననీ నా నమ్మకం.

అమెరికాలో ఈ పాతదనం తగవు మరీ ఘాటైనది. కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో లూయీస్ లంచ్ అనే చిన్న ఇటుక కొట్టుంది. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన లూయీ లాసెన్ 1900లో, తొందరలో ఉన్న ఒక గిరాకీ కోసం కాల్చిన మాంసాన్ని రెండు రొట్టె ముక్కల మధ్య పెట్టి ఇచ్చాడని వాళ్ళ కథ. ఈనాటికీ 1898 నాటి నిలువు ఇనప పొయ్యిల్లోనే కాలుస్తారు. బన్ను ఉండదు, కాల్చిన రొట్టె. పైన చీజు, టమాటా, ఉల్లిపాయ. కెచప్ అడిగితే ఇవ్వరు. విస్కాన్సిన్ రాష్ట్రం సీమోర్ ఊరివాళ్ళు ఇదంతా ఒప్పుకోరు. 1885లో వాళ్ళ జాతరలో మాంసం ఉండలు అమ్మే పదిహేనేళ్ళ కుర్రాడు చార్లీ నాగ్రీన్, జనం నడుస్తూ తినలేకపోతున్నారని ఉండను నొక్కి రొట్టెల మధ్య పెట్టాడంటారు. అదే 1885లో న్యూయార్క్ రాష్ట్రం హాంబర్గ్ జాతరలో మెంచెస్ అన్నదమ్ములు చేశారని ఇంకో కథ. టెక్సస్‌లో ఏథెన్స్ ఊరివాళ్ళది నాలుగో కథ. మొదటి రెండు కథల్లోనూ గిరాకీకి కూర్చుని తినే తీరిక లేదన్నది గమనించండి.

తోలు, రోడ్డు, ఆకలి

వేలూరు దగ్గర పొయ్‌గైలో మంగళవారం పశువుల సంత. ఎడ్లు, ఆవులు, బర్రెలు, చాలా దూరం నుంచి వస్తాయి. అక్కడ దళారులు బేరాన్ని తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు పట్టుకుని చేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకూడదు. ఈ సంత పక్కనుంచే చెన్నై, బెంగళూరు జాతీయ రహదారి పోతుంది. అదే రోడ్డు మీద పడమరగా పోతే ఆంబూరు, వాణియంబాడి. వెనక్కి తూర్పుగా పోతే రాణిపేట. ఉత్తరాన కొండల అంచున పేర్నంబట్టు. నాలుగూ తోళ్ళ ఊళ్ళే. పచ్చితోలు శుద్ధి చేయడంతో మొదలై, ఇప్పుడు యూరప్ బ్రాండ్ల బూట్లు కుట్టి పంపేదాకా వచ్చాయి. షూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కే.వి.కుప్పం, గుడియాత్తం పల్లెల నుంచి ఫ్యాక్టరీ బస్సులెక్కి వెళ్ళి వస్తారు.

తోలు, మాంసం కలిసి ఉన్నచోట మాంసపు వంట చవకగా ఉంటుంది, బాగా కూడా ఉంటుంది. ఆంబూరు అనగానే బయటివాళ్ళు మటన్ బిర్యానీ అనుకుంటారు. ఊళ్ళో మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకు పేదవాడి కడుపు నింపేది చిన్న కొట్లలో దొరికే గొడ్డుమాంసం బిర్యానీ. ముస్లింలు, దళితులు తరాలుగా తింటున్న తిండి అది. తినని మనబోటివాళ్ళు కూడా ఆ సంగతి మర్యాదగా రాసుకోవాలి.

అమెరికా బర్గర్ కూడా ఇలాగే పెరిగింది. 1906లో అప్టన్ సింక్లెయర్ ‘ది జంగిల్’ నవలలో షికాగో కబేళాల మురికిని బయటపెట్టాక జనం మాంసం ముద్ద అంటేనే భయపడ్డారు. అదే ఏడు మాంసం తనిఖీ చట్టం వచ్చింది. 1921లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో వాల్ట్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రమ్ కలిసి వైట్ కాసిల్ తెరిచారు. గోడలు తెల్లటివి, లోపలంతా మెరిసే స్టీలు, వంట గిరాకీ కళ్ళ ముందే. ఉల్లిపాయ మీద ఉడికిన చిన్న చదరపు బర్గర్ ఐదు సెంట్లు. ఫ్యాక్టరీలకు దగ్గరగా, ట్రాములు ఆగేచోట కొట్లు పెట్టారు. 2014లో టైమ్ పత్రిక చరిత్రలోకెల్లా ప్రభావం చూపిన బర్గర్ ఏదని లెక్క తీసి మొదటి స్థానం దీనికే ఇచ్చింది. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు 1948లో పదిహేను సెంట్ల బర్గర్‌తో ప్రపంచాన్ని మార్చిన కాలిఫోర్నియా శాన్ బెర్నార్డినో కూడా రూట్ 66 అనే పెద్ద రహదారి మీదున్న ఊరే.

ఈ తోళ్ళ సిరికి మా పాలారు లోయ పెట్టిన ఖర్చు కూడా చెప్పాలి. తోళ్ళ ఫ్యాక్టరీల మురికినీళ్ళు పాలారులో, పక్క పొలాల్లో, ఊళ్ళ బావుల్లో కలిశాయి. కొబ్బరితోటలు ఎండాయి, మంచినీళ్ళు ఉప్పగా మారాయి. వేలూరు పౌర సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకెక్కితే 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలి, ముప్పు వస్తుందనిపిస్తే ముందే జాగ్రత్త పడాలి అనే రెండు సూత్రాలు ఈ దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పు తేల్చింది. భారతదేశంలో పర్యావరణ కేసు ఎక్కడ వాదించినా ఇవాళ్టికీ ఈ వేలూరు కేసు పేరు వినబడుతుంది. బాధపడిన రైతులకు మాత్రం నది ఇంకా తిరిగి రాలేదు.

ముళ్ళ వంకాయ

బిర్యానీ పక్కన వేసే పుల్లటి వంకాయ కూర లేకపోతే ఆంబూరులో భోజనం పూర్తి కాదు. నువ్వులు, వేరుశెనగ నూరి, చింతపండు పులుసులో వంకాయల్ని నూనె తేలేదాకా మగ్గిస్తారు. పక్కనే వేలూరు జిల్లాలో, ఆణైకట్టు తాలూకా ఎలవంబాడిలో తొడిమ మీద, ఆకుల మీద ముళ్ళుండే వంకాయ పండుతుంది. కోసేటప్పుడు వేళ్ళు గీసుకుపోతాయి. గింజ తక్కువ, కండ మెత్తన. ఈ వేలూరు ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బిర్యానీకి లేని ముద్ర పక్కన వడ్డించే వంకాయకు ఉంది! మాంసపు వంటల్లో దేశంలో మొట్టమొదట ఆ గుర్తింపు తెచ్చుకున్నది మన హైదరాబాదు హలీం, 2010లో.

అమెరికా వెళ్ళేవాళ్ళకు నాలుగు ఊళ్ళు

ఇంటికొకరు అమెరికాలో ఉన్న రోజులివి. వేలూరు ఇంజినీరింగు కాలేజీల్లో చదివి అటు వెళ్ళే తెలుగు పిల్లలకు లెక్కలేదు. గొడ్డుమాంసం తినేవాళ్ళు, తినకపోయినా స్నేహితులతో కలిసి చూడాలనుకునేవాళ్ళు పెద్ద కంపెనీల కొట్లు వదిలి ఈ ఊళ్ళకు వెళ్ళాలి.

మొదటిది న్యూ మెక్సికో రాష్ట్రం. అక్కడ పచ్చిమిరప నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, బర్గర్ మీద చీజుతో కలిపి వేస్తారు. శాన్ ఆంటోనియో అనే చిన్న ఊళ్ళో ఔల్ బార్ దీనికి పేరుబడింది. టెక్సస్‌లో ఇదే పేరుతో ఉన్న మహానగరంతో పొరబడకండి. 1945 జూలైలో మొదటి అణుబాంబు పరీక్ష జరిగిన ఎడారి ఆ ఊరికి దగ్గరే. ఆ పనిమీద వచ్చిన శాస్త్రవేత్తలు ఇక్కడే తినేవారని అక్కడ చెప్పుకుంటారు. ఆ రాష్ట్ర పర్యాటక శాఖ మిరపకాయ బర్గర్లు దొరికే కొట్లన్నిటినీ ఒక యాత్రగా కూర్చింది. గుంటూరు, చిత్తూరు నాలుకలకు అమెరికాలో ఇంతకంటే దగ్గరైన బర్గర్ దొరకదని నా తీర్మానం.

ఓక్లహోమా రాష్ట్రం ఎల్ రీనో ఊరిది ఉల్లిపాయ బర్గర్. కరువు రోజుల్లో మాంసం కొనలేక, సన్నగా తరిగిన ఉల్లిని గుప్పెళ్ళతో మాంసంలోకి నొక్కి పెనం మీద కాల్చేవారు. మాంసం తగ్గి ఉల్లి పెరిగిన ఆ పేదల తిండి ఇప్పుడు ఊరికి గర్వకారణం. ప్రతి మే నెలలో దానికొక పండగ, ఆ పండగలో వందల పౌన్ల ఒకే ఒక్క పెద్ద బర్గర్. ఊరంతా దాన్ని పంచుకుని తింటారు. మిసిసిపీ రాష్ట్రం కోరింత్‌లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ మాంసంలో పిండి కలిపి సాగదీసేవారు.

మినియాపొలిస్‌లో మాట్స్ బార్ అనే కొట్టుంది. చీజును ముద్ద పైన పెట్టకుండా లోపల దాచి కాలుస్తారు, దానిపేరు జూసీ లూసీ. కొరికితే లోపలి చీజు సలసల కాగుతూ బయటికొస్తుంది, మొదటిసారి తినేవాళ్ళు నోరు కాల్చుకుంటారు. అదే వీధిలో కొంత దూరంలోని 5-8 క్లబ్ వాళ్ళు ఇది మాది అంటారు. 2014 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు ఒబామా మాట్స్ బార్‌కు వెళ్ళి తిన్నారు గాని తగవు తీరలేదు.

ఇక మెంఫిస్‌లో డయర్స్. మాంసాన్ని పల్చగా కొట్టి లోతు మూకుడులో కొవ్వులో వేయిస్తారు. ఆ కొవ్వును 1912 నుంచి పారబోయకుండా, వడకట్టి, కొత్తది కలుపుతూ వాడుతున్నామని వాళ్ళు గొప్పగా చెప్తారు. కొట్టు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారినప్పుడు ఆ కొవ్వును పోలీసు కాపలాతో తరలించారు. నేనైతే దీన్ని చూసి రావడానికే సిఫారసు చేస్తాను.

మాంసం ముట్టనివాళ్ళకు కూడా అమెరికాలో దారి ఉంది. 2016లో అమ్మకానికి వచ్చిన ఇంపాజిబుల్ బర్గర్‌లో సోయా వేళ్ళల్లో ఉండే హీమ్ అనే పదార్థాన్ని వాడారు. మాంసానికి ఆ ఎరుపు, ఆ రుచి ఇచ్చేది హీమే కాబట్టి ముక్క కాల్చినట్టే ఉంటుంది. ఇటు మన దేశంలోనైతే మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో తొలి కొట్టు తెరిచినప్పుడు గొడ్డుమాంసం లేకుండా మొదలుపెట్టింది. ప్రపంచంలో ఆ కంపెనీకి అలాంటి కొట్టు అదే మొదటిది.

జరగని పండగ

2022 మే 13 నుంచి 15 దాకా ఆంబూరులో మూడు రోజుల బిర్యానీ పండగ చేస్తామని తిరుపత్తూరు జిల్లా యంత్రాంగం ప్రకటించింది. బిర్యానీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకోవాలన్న కోరిక వెనక ఉంది. ఊరు సంబరపడింది. అయితే పండగలో గొడ్డుమాంసం బిర్యానీ ఉండదని తెలిసింది. ఊళ్ళో రోజూ వేలమంది తినే తిండిని ఊరి పేరుమీద జరిగే పండగలోంచి తీసేయడమేమిటని సంఘాలు నిలదీశాయి. పండగ బయట ఉచితంగా పంచుతామన్నాయి. సరిగ్గా ముందురోజు, వానలు పడతాయన్న హెచ్చరిక కారణంగా వాయిదా వేస్తున్నట్టు కలెక్టరు ప్రకటించారు. షెడ్యూల్డు కులాల, తెగల రాష్ట్ర కమిషన్ ఈ వివక్షకు సంజాయిషీ అడిగింది.

ఒక ఊరి వంటను గొప్పదని లోకానికి చూపించేటప్పుడు, ఆ వంటను అంతటిదాన్ని చేసినవాళ్ళ గిన్నెను పక్కన పెట్టడం అన్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఎల్ రీనోవాళ్ళు కరువు తిండినే పండగ చేసుకున్నారు. ఆంబూరుకు ఆ ధైర్యం ఎక్కువే ఉండాలి.

అతి పెద్దవి, అతి ఎక్కువ

సీమోర్ ఊరివాళ్ళు తమదే మొదటి బర్గర్ అని రుజువు చేసుకోలేకపోయినా 2001 ఆగస్టులో 8,266 పౌన్ల బర్గర్ కాల్చి చూపించారు. అంటే సుమారు 3,750 కిలోలు. అదే విస్కాన్సిన్ రాష్ట్రంలో డాన్ గోర్స్‌కీ అనే పెద్దాయన 1972 మే నుంచి దాదాపు రోజూ మెక్‌డొనాల్డ్స్ వాళ్ళ బిగ్ మాక్ బర్గర్లు తింటూ వచ్చాడు. 34 వేలు దాటాయని గిన్నిస్ వాళ్ళు లెక్క రాశారు. బిగ్ మాక్ ఎంత పాకిందంటే, ఏ దేశంలో డబ్బుకు అసలు విలువ ఎంతో తెలుసుకోవడానికి ‘ది ఎకనమిస్ట్’ పత్రిక 1986 నుంచి దాని ధరనే కొలబద్దగా పెట్టుకుంది.

మనవైపు లెక్క ఇంకా పెద్దది. 2024లో తిండి ఇంటికి తెచ్చిచ్చే స్విగ్గీ ఒక్కదాని ద్వారానే 8.3 కోట్ల బిర్యానీలు అమ్ముడయ్యాయని ఆ కంపెనీ ప్రకటించింది. నిమిషానికి 158. అందులో హైదరాబాదుది 97 లక్షలు, బెంగళూరుది 77 లక్షలు, చెన్నైది 46 లక్షలు. బెంగళూరు, చెన్నైల నడుమ రోడ్డు మీదే ఆంబూరు ఉంది. రెండు నగరాల్లోనూ ఆంబూరు బిర్యానీ అని బోర్డు లేని పేట కనబడదు. వాటిలో చాలామటుకు ఆంబూరు మొహం చూసినవి కావు. జీరక సాంబ వాడారా లేదా అని ఒక్క మెతుకు చూస్తే తెలిసిపోతుంది.

మా వైపువే ఇంకో రెండు

ఆర్కాటు మక్కన్ పేడా. కోవా, మైదా కలిపిన ఉండలో బాదం, పిస్తా, జీడిపప్పు, గింజలు కూరి, నేతిలో వేయించి, పాకంలో వేస్తారు. చూడ్డానికి గులాబ్ జామూన్, కొరికితే వేరు. ఒకటి చాలు.

వేలూరులో సి.ఎం.సి. ఆసుపత్రి చుట్టూ ఉన్న వీధులు ఇంకో విశేషం. 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన ఆ వైద్యశాలకు ఇవాళ బెంగాల్, అస్సాం, బంగ్లాదేశ్ నుంచి జనం వస్తారు. నెలల తరబడి ఉండాలి. అందుకే లాడ్జీల్లో పొయ్యి, గిన్నెలు అద్దెకిస్తారు, బెంగాలీ బోర్డులతో చేపల కూర భోజనం హోటళ్ళు వరసగా ఉంటాయి. ఆవనూనె వాసన వచ్చే వీధి తమిళదేశంలో ఇలాంటిది నాకు ఇంకొకటి తెలియదు. రోగికి ఇంటి ముద్ద పెట్టాలన్న ఆరాటంతో పుట్టిన వంటలివి, నాకు వీటిమీద చాలా గౌరవం.

గుడియాత్తం ఎమ్మెల్యే పెట్టిన అన్నం

ఆకలి సంగతి కొలిస్తే ఈ ప్రాంతం నుంచి వచ్చిన అతి పెద్ద రికార్డు హోటళ్ళది కాదు. 1954 ఏప్రిల్‌లో కామరాజ్ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన శాసనసభ్యుడు కాదు. ఉప ఎన్నికలో పోటీ చెయ్యడానికి గుడియాత్తాన్ని ఎంచుకుని గెలిచారు. గుడియాత్తం సభ్యుడిగా ఉన్న రోజుల్లోనే, 1956లో, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అంతకుముందు 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు భోజనం పెట్టినప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగువాడే, దేవాంగుల బిడ్డ. 1982 జూలైలో ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. బడి భోజనాన్ని పెద్ద పథకంగా విస్తరించారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటిలో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది.

2021లో కేంద్రం ఈ పథకాన్ని పి.ఎం. పోషణ్ పేరుతో కొనసాగించినప్పుడు చెప్పిన లెక్క 11.80 కోట్ల మంది పిల్లలు, 11.20 లక్షల బడులు. ప్రపంచంలో బడి భోజనాల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు. స్విగ్గీలో ఏడాదంతా అమ్ముడైన బిర్యానీలకన్నా ఎక్కువ పళ్ళేలు, ఈ లెక్కన, బడి ఉన్న ఒక్క పూటలో లేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి సీమలోని లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి ఆమె.

తమిళనాడు సర్కారు 2022 సెప్టెంబరు 15న మదురైలో పొద్దుటి పలహారం కూడా మొదలుపెట్టి, మరుసటి ఏడు ఆగస్టుకల్లా రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడులకు పాకించింది. ఉప్మా, కిచిడీ, పొంగలి, రోజుకొకటి, సాంబారుతో. సంతకు జీవాల్ని తోలుకొచ్చే కే.వి.కుప్పం కాపరుల పిల్లలు, ఫ్యాక్టరీ బస్సెక్కడానికి చీకటితోనే ఇల్లు వదిలే తల్లుల పిల్లలు ఇప్పుడు బడిలోనే తిని పాఠానికి కూర్చుంటున్నారు.